సనోబర్ చెప్పిన ధర

చివరి వరుస కుట్టి ముడి వేశాక సనోబర్ దారాన్ని పంటితో కొరికి, చాపన్‌ని ఒళ్ళో బోర్లా పరిచింది. ఇక సూదులు వెతకాలి. మోకాళ్ళ కింది దాకా వచ్చే ఆ దూది అంగీలో ఒక్క సూది మిగిలిపోయినా, కొన్నవాడి వెన్నులో దిగుతుంది. అరచేతులు రెండూ ఆనించి, మెడ దగ్గర మొదలుపెట్టి అంచు దాకా అంగుళం అంగుళం తడిమింది. ఆకుపచ్చ చారల మార్గిలాన్ పట్టు కింద దూది మెత్తగా కదిలింది. సూది ఏదీ తగల్లేదు.

వాకిట్లో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఆమెకి నలభై నాలుగేళ్ళు. సన్నటి మనిషి. ఏళ్ళ తరబడి బట్ట మీదికి వంగి కూర్చోవడం వల్ల మెడ కాస్త ముందుకు వాలి ఉంటుంది. కుడిచేతి మధ్యవేలి కొసన సూది ఒరిపిడికి కాయ కాసింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళు. చాపన్లు కుట్టడం ఆమె వంతు. ఆదివారం సంతకి పట్టుకెళ్ళి అమ్మడం అత్త రాబియా వంతు. ఆ పద్ధతి ఒక్క వారం కూడా తప్పలేదు. కానీ మూడు వారాలుగా అత్త మంచం దిగలేదు, పెట్టెలో నీలం రంగుది ఒకటి, ఇప్పుడు ఇది, అమ్మాల్సిన చాపన్లు రెండయ్యాయి.

"కోడలుపిల్లా," వసారాలోంచి పిలిచింది రాబియా. ముసలిదాని గొంతు బొంగురుపోయినా అందులో అధికారం తగ్గలేదు. "సత్తార్ వస్తాడు. పట్నం దుకాణాలకి కొనేవాడు, బంగారు పళ్ళు ఉంటాయి. ఒక్కోదానికి మూడు లక్షల సోములు చెప్పు, రెండున్నరకి దిగు. అంతకంటే దిగావో, ఇంటికి రాకు."

"అలాగేనమ్మా."

"వాడు నవ్విస్తాడు. నవ్వకు."

సంతలో చాపన్ల వరస గొర్రెల దొడ్డికి ఆనుకుని ఉంది. సనోబర్ చాప పరిచి రెండు చాపన్లూ పెట్టుకుని కూర్చుంది. పక్కన టోపీలు అమ్మే కుమ్రీ ఆమెని ఎగాదిగా చూసి, "రాబియా కోడలివా? నీకు నోరుందా అసలు? ఇన్నేళ్ళలో మీ అత్త నీ పేరు కూడా చెప్పలేదే!" అంది.

"ఉంది. ఇంట్లో దానికి పని తక్కువ," అంది సనోబర్.

కుమ్రీ పకపకా నవ్వి కెటిల్లోంచి గ్రీన్ టీ పోసిచ్చింది.

టీ తాగుతూ సనోబర్ చుట్టూ చూసింది. ఎదుటి కొట్లో మెషిన్ మీద కుట్టిన చాపన్లు వేలాడుతున్నాయి, ఒక్కోటి లక్షన్నర. కాలువ గట్టున ఉల్లి చేలకి వెళ్ళే ఆడకూలీలు ట్రక్కు కోసం బారులు తీరి ఉన్నారు. మేస్త్రీ అరుస్తున్నాడు, "రోజుకి నలభై వేలు! తిండి మీదే!"

ఆ మాట ఆమె చెవిలో పడింది, పోలేదు. పట్టు, అస్తరు, దూది, దారం కలిపి లక్షా ఎనభై వేలు. ఇంటిపని పోగా దొరికిన పూటలన్నీ కూడితే ఒక్కో చాపన్‌కి ఆరు నిండు రోజులు. ఉల్లి తవ్వితే ఆరు రోజులకి రెండు లక్షల నలభై వేలని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. మరి రెండున్నర లక్షల్లో ఆమె ఆరు రోజులూ ఎక్కడున్నాయి? రెండు రోజుల కూలి కూడా లేదు. ఆమెకి కోపం రాలేదు. చిక్కుపడిన దారపు కొస దొరికినట్టు అనిపించిందంతే.

సత్తార్ వచ్చాడు. పొట్ట ముందు, మనిషి వెనక. నవ్వితే పైవరస మొత్తం బంగారం.

"ఏమ్మా, రాబియా ఖాలాకి ఒంట్లో ఎలా ఉంది? దేవుడు ఆవిడకి నూరేళ్ళిచ్చి నాతో బేరాలాడించాలి! చెప్పు, ఎంత?"

"నాలుగు లక్షల ఇరవై వేలు."

అతని నవ్వు ఆగింది. మళ్ళీ మొదలైంది, ఈసారి గట్టిగా. "కుమ్రీ అపా! విన్నావా? పిల్ల చాపన్ అమ్ముతోందా, లోపల గొర్రెని కూడా పెట్టి అమ్ముతోందా?"

కుమ్రీతో పాటు వరసలో నలుగురైదుగురు నవ్వారు. సనోబర్‌కి కూడా పెదవి కొస వణికింది కానీ నవ్వలేదు.

"మీ అత్త రెండున్నరకి ఇచ్చేది."

"ఆవిడ బట్టకి, దూదికి కట్టిన ధర అది. నేను కుట్టుకి కూడా కడుతున్నాను."

"అదిగో, మెషిన్ కుట్టు లక్షన్నరకే ఉంది!"

"అది కొనుక్కోండి. మెషిన్ దూదిని అణగదొక్కుతుంది, రెండు చలికాలాలకి అట్ట అవుతుంది. మీకు తెలీదా? తెలుసు కాబట్టే ఇరవయ్యేళ్ళుగా మా ఇంటివి కొంటున్నారు."

అతను మూడు లక్షలు అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చేతులు కలిపి బేరమాడే బజారు పద్ధతిలో, ఆమె చెయ్యివ్వకపోయేసరికి కుమ్రీ చెయ్యి పట్టుకుని పైకీ కిందకీ ఊపుతూ మూడు ఇరవై అన్నాడు, మూడున్నర అన్నాడు.

"సత్తార్ అన్నా, ఎక్కువ చెప్పి దిగడం నాకు రాదు. ఉల్లి తవ్వే మనిషికి రోజుకి ఎంతిస్తారో నా వేళ్ళకీ అంతే వేశాను. ఒక్క సోము కూడా పైన వెయ్యలేదు. ఇంకెక్కడికి దిగను?"

అతను విసురుగా వెళ్ళిపోయాడు. కుమ్రీ నాలుక కరుచుకుని, "పోయాడే పిచ్చిదానా," అంది.  అత్త మాట విని ఉంటే సనోబర్ ఈపాటికి ఇల్లు చేరేది. అయినా చాప చుట్టలేదు. ఇద్దరు ముగ్గురు ఆగి ధర అడిగి, కనుబొమ్మలెత్తి వెళ్ళిపోయారు. గొర్రెల దొడ్డి సగం ఖాళీ అయింది.

ఎండ కాళ్ళ మీదికి వచ్చే వేళకి సత్తార్ తిరిగొచ్చాడు. ఈసారి నవ్వడం లేదు. గొంతుక్కూచుని ఆకుపచ్చ చారల చాపన్ మడత విప్పి, అంచు తిరగేసి కుట్టు చూశాడు. తర్వాత రెండోది, నీలం రంగుది, ముందుకి లాగాడు. "ఇది కూడా నాలుగు ఇరవయ్యేనా?"

"కాదు. మూడు ఎనభై."

"అదేం? బట్ట అదే, దూది అదే."

"ఎడమ చెయ్యి చూడండి. కుట్లు దూరం దూరంగా పడ్డాయి. ఆ వారం అత్తకి జ్వరం, రాత్రిళ్ళు నిద్ర లేదు. నా వల్ల జరిగిన లోపానికి మీరు డబ్బెందుకివ్వాలి?"

సత్తార్ ఎడమ చెయ్యిని వెలుగుకి ఎత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. అతనే కనిపెట్టాలంటే కళ్ళజోడు పెట్టుకోవాల్సినంత చిన్న తేడా అది. చాపన్ దించి, జేబులోంచి కట్టలు తీసి చాప మీద పెట్టాడు.

"రెండూ కలిపి ఎనిమిది. లెక్క చూసుకో," అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "మీ అత్తతో చెప్పకు గానీ, ఆవిడ ఏ రోజూ నాకు లోపం చూపించి అమ్మలేదు," అన్నాడు.

సనోబర్ దారిలో వేడి రొట్టెలు, అత్తకి ఇష్టమని ఒక దానిమ్మపండు కొంది.

"ఐదు వచ్చాయా?" ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే అడిగింది రాబియా.

సనోబర్ డబ్బంతా పరుపు మీద పెట్టింది. "ఎనిమిది."

ముసలామె నోట్ల వైపు చూడలేదు, కోడలి ముఖం వైపు చూసింది. "ఆ పైది దేనికి?"

"కుట్టుకి."

"ఎవరి కుట్టుకి?"

"నా కుట్టుకేనమ్మా."

కేకలేస్తుందనుకుంది.  రాబియా వేలితో మూల చూపించింది. "ఆ పెట్టెలో అడుగున ఒకటుంది, తీసుకురా."

పరుపుల కింద, కర్పూరం వాసన కొడుతూ నల్ల చాపన్ ఒకటి దొరికింది. సనోబర్ దాన్ని ఎన్నడూ చూడలేదు. మామగారిది. ఆయన పోయి ఇరవై ఐదేళ్ళు దాటింది.

"నీ మొగుడు నా కడుపులో ఉన్నప్పుడు కుట్టాను. ఎంత చేస్తుంది? సంతలో చెప్పినట్టే చెప్పు."

సనోబర్ దాన్ని ఒళ్ళో పరిచి, మెడ నుంచి అంచు దాకా తడిమింది. తిరగేసి చూసింది. తొందరపడలేదు.

"కొత్తగా ఉన్నప్పటి మాట చెబుతున్నాను. ఇప్పటి లెక్కలో మూడు అరవై."

"అంతేనా!"

"భుజాల మీద కుట్టు నాకంటే బాగుంది. నడుము దగ్గర మాత్రం వరస వంకర పోయింది. కాలర్‌లో దూది సమంగా పరవలేదు."

రాబియా నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగి మళ్ళీ నవ్వయింది. "నడుము దగ్గరికి వచ్చేసరికి నొప్పులు మొదలయ్యాయే! మూడు అరవై... మా అత్త వీటికి బట్ట ఖరీదే చూసేది. నేనూ నీకు అదే చూశాను. ఇంకోలా చూడొచ్చని నాకెవరూ చెప్పలేదు." చాపన్‌ని తన వైపు లాక్కుని కప్పుకుంది. "ఇక మీదట ధర నువ్వే చెప్పు. వెళ్ళు, టీ పెట్టు. దానిమ్మ కూడా ఒలుచుకురా."

సనోబర్ పొయ్యి మీద నీళ్ళు పెట్టి దానిమ్మ గింజలు గిన్నెలోకి ఒలిచింది. టీ కలిపి తీసుకొచ్చేసరికి రాబియా కళ్ళు మూసుకుని ఉంది. ఎడమ చేత్తో చాపన్ అంచు పిడికిట్లో పట్టుకుని ఉంది. సనోబర్ పిలిచింది. మళ్ళీ పిలిచింది. టీ కింద పెట్టి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఆ చేతినే అలా ఆమె నుదుటి మీద చాలాసేపు ఉంచింది. తర్వాత గోడ దాకా వెళ్ళి పక్కింటివాళ్ళని కేకేసింది.

మధ్యాహ్నానికి జనం వచ్చారు. ఇటుకబట్టీ నుంచి భర్త ఇక్రామ్ పరుగున వచ్చాడు. అక్కడి ఆచారం ప్రకారం చాపన్ తొడుక్కుని నడుముకి రుమాలు కట్టుకుని గుమ్మం ముందు నిలబడి ఏడవాలి కొడుకు. ఆ ఇంట్లో కుట్టినవన్నీ సంతలో అమ్ముడుపోయాయి, మగవాళ్ళ చాపన్ ఇంకొకటి లేదు. సనోబర్ ముసలామె వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పి, నల్ల చాపన్ తీసుకుని భర్తకి తొడిగింది. భుజాల దగ్గర సరిగ్గా కూర్చుంది.

పొద్దు వాలకముందే ఖననం అయిపోయింది. మగవాళ్ళు తిరిగొచ్చి చేతులు కడుక్కున్నారు. ఇక్రామ్ చాపన్ విప్పి తల్లి ఖాళీ పరుపు మీద పెట్టి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. సనోబర్ మడతపెడదామని చెయ్యి చాపి ఆగిపోయింది. అంచు దగ్గర, ముసలి పిడికిలి పట్టుకున్న చోట, దూది ఇంకా పైకి లేవలేదు.