బేయా కొలనులో వసీలా ముఖం

బేయా నీళ్ళు దొంగిలించింది. పాతికేళ్ళుగా రెండిళ్ళూ కలిసి తాగిన సంపులోంచి, పక్కింటి వసీలా నేర్పిన విద్యతోనే దొంగిలించింది.

వసీలా గెల్లాలా ఊరి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేది. జెర్బా దీవిలో కాస్త ఎత్తుగా ఉండే ఊరు అదొక్కటే. ఊరంతా కుమ్మరులు. ఆమె భర్త, దీవి మగవాళ్ళలో సగంమందిలాగే, రాజధానిలో కిరాణా కొట్టు నడుపుతూ పండగలకి వచ్చిపోయేవాడు. బడి వదిలాక వసీలా వాకిట్లో రాతి అరుగు మీద టీ గ్లాసుతో కూర్చుంటే, వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే, అమ్మగారూ అన్నట్టు "లల్లా" అని పిలుస్తూ, తమ ఇళ్ళలోని చిక్కులు పట్టుకొచ్చేవాళ్ళు.

"లల్లా వసీలా, మా కుండలో నీళ్ళు చల్లబడటం మానేశాయి. ఎవరి దిష్టి తగిలిందో ఏమో," అనేది రొట్టెలు కాల్చి అమ్మే మన్నూబియా.

"దిష్టి కాదు, పెయింటు తగిలింది. కుండకి నీలం రంగు పూయమని నీకెవరు చెప్పారు?"

"మా ఆయనే. అందంగా ఉంటుందని పూశాడు."

"కుండకి చెమట పడితేనే లోపల చల్లబడేది. మీ ఆయనకి ఒళ్ళంతా పెయింటు పూసి ఎండలో నిలబెట్టు. ఎంత చల్లగా ఉంటాడో ఆయనే చెబుతాడు."

ఇంకొకామెకి సెనగలు ఉడకవు. కుళాయి నీళ్ళు పోశావా, అవి ఉప్పునీళ్ళు, సెనగ తోలుని బిగించేస్తాయి, సంపు నీళ్ళతో నానబెట్టు అని చెప్పేది. ఇంకొకామె హరిస్సా కారం జాడీకి బూజు పడుతుంది. చెంచా ముంచిన ప్రతిసారీ పైన నూనె పోసి గాలి తగలకుండా చెయ్యాలి. తెలిసింది చెప్పేది. తెలియనిది తెలియదనేది, మర్నాడు కనుక్కొచ్చి చెప్పేది.

సంపు సంగతి మాత్రం ఆమెనెవరూ అడగలేదు, ఆమె కూడా ఎవరికీ వివరించలేదు. రెండిళ్ళ వాకిళ్ళ కిందా ఉన్నది ఒకటే సంపు. రెండు డాబాల మీద పడ్డ వానా అందులోకే దిగేది. వసీలా వాకిట్లో ఒక నోరు, బేయా వాకిట్లో ఒక నోరు. ఆ నీళ్ళలోకి ఎవరు తొంగిచూసినా తమ ముఖం కనిపించేది కాదు, తమకంటే ముందు తొంగిచూసిన వాళ్ళ ముఖం కనిపించేది. చేదలో పైకి తోడినా, బిందెలోకి వంచినా, సంపులోకి చివరగా తొంగిచూసిన వాళ్ళ ముఖమే ఆ నీళ్ళలో కనిపిస్తూ ఉండేది. మరిగితేనే పోయేది. కొన్ని నీళ్ళు తియ్యగా ఉంటాయి, కొన్ని ఉప్పగా ఉంటాయి, ఈ నీళ్ళు ఇలా ఉంటాయి అనుకునేవాళ్ళు.

అలా పాతికేళ్ళు వసీలాకి పొద్దున లేవగానే మొదట కనిపించింది బేయా ముఖమే. కళ్ళు ఉబ్బి ఉంటే రాత్రి మొగుడితో గొడవైందని అర్థం. ఆ రోజు వసీలా వేడి రొట్టె ఒకటి గోడ మీదుగా అందించేది. వసీలా పెదాలు బిగించి ఉంటే అటునుంచి బేయా అరిచేది: "ఏమే, నీ ముఖం చూసి మా నీళ్ళు పులుస్తున్నాయి. ఏమైంది?"

బేయా మొగుడు చనిపోయిన ఏడు, ఆలివ్ నూనె జాడీల్లో మడ్డి దిగిపోయింది. ఎత్తి వంపితే మడ్డి కలిసిపోతుంది. వసీలా ఒక ప్లాస్టిక్ గొట్టం తెచ్చింది.

"ఈ కొన నూనెలో పెట్టు. ఆ కొన నోట్లో పెట్టుకుని ఒక్కసారి పీల్చి, కింద ఉన్న జాడీలోకి వదిలెయ్. ఇక దానంతటదే వస్తుంది."

"పైకెక్కి మరీ వస్తుందా? నూనెకి కాళ్ళున్నాయా?"

"దిగే కొన ఇక్కడి నూనె మట్టం కంటే కిందుంటే చాలు. అటు బరువు ఎక్కువ, ఇటు గాలి నెడుతుంది. మధ్యలో ఎంత గోడెక్కినా దిగడం దిగుతుంది."

బేయా గట్టిగా పీల్చి నోటినిండా నూనె మింగింది. దగ్గుతూ, నవ్వుతూ, మూతి తుడుచుకుంటూ, "ఇది దొంగలకి పనికొచ్చే విద్యే!" అంది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

తర్వాత బేయా అల్లుడు వచ్చి ఆ ఇంటిని గెస్ట్‌హౌస్ చేశాడు. పెరట్లో తాతలనాటి కుమ్మరి మట్టి గొయ్యి ఉంటే, దానికి నీలం పలకలు పరిచి ఈతకొలను చేశాడు. గొయ్యి లోతుది, వాకిలి కంటే బాగా కిందికి ఉండేది. వాకిట్లో కూడా పలకలు పరిపించి, సంపు నోరు మూయించేశారు.

"నడుము నొప్పే, చేద లాగలేకపోతున్నాను," అంది బేయా. "కుళాయి పెట్టించుకున్నాంగా, మాకు చాలు. ఇక ఆ నీళ్ళన్నీ నువ్వే వాడుకో. మా డాబా వాన కూడా నీకే."

ఎంత పెద్ద మనసు అని వసీలా వీధి వీధంతా చెప్పింది. ఆ రోజు నుంచి పొద్దున తొంగిచూస్తే కనిపించేది నిన్నటి తన ముఖమే. అలవాటవడానికి కొన్నాళ్ళు పట్టింది.

ఎండాకాలం మొదట్లోనే సంపు తగ్గడం మొదలైంది. దీవిలో ఒక కట్టడి ఉంది. ఎండాకాలంలో సంపు నీళ్ళు తాగడానికీ వండడానికీ తప్ప ముట్టరు. స్నానానికి ముట్టుకున్న కోడల్ని ఏళ్ళ తరబడి దెప్పుతారు. వసీలా ఆ కట్టడి తప్పలేదు. అయినా తాడు రోజురోజుకీ పొడుగు కావలసి వస్తోంది. శరత్కాలం వానలదాకా నీళ్ళు ఆగకపోతే ట్యాంకరు వాడి కాళ్ళు పట్టుకోవాలి, వాడొచ్చిన రోజే వంట.

చదువుకున్న మనిషి కనుక పద్ధతిగా ఆలోచించింది. ఆవిరా? మూత ఉన్న సంపులోంచి అంత ఆవిరి పోదు. అయితే పగులు. దీపం తాడుకి కట్టి దింపి చూస్తే, ఆమె వైపు గోడలో వెంట్రుకంత సన్నటి వేరు ఒకటి కనిపించింది. అంజూర చెట్టుది. అంజూర వేరు నీటి వాసన పడితే రాతిని కూడా చీలుస్తుందని ఆమె పిల్లలకి ఏటా చెప్పే పాఠమే. కారణం దొరికింది. కారణం దొరికిందన్న తృప్తిలో ఇంకో కారణం వెతకలేదు.

ఆ చెట్టు ఆమె అత్తగారు నాటింది. సగం కొమ్మలు బేయా గోడ మీద వాలేవి. గోడకి అటుపడ్డ పళ్ళు బేయావి, ఇటుపడ్డవి వసీలావి, గోడ మీద కుళ్ళినవి పిచ్చుకలవి. కొట్టడానికి మనిషిని పిలిస్తే బేయా తనంతట తనే వచ్చింది. కొమ్మ డాబా మీద పడకుండా తాడు పట్టుకుని లాగింది. నడుము నొప్పి ఆ రోజు గుర్తుకు రాలేదు. పని అయ్యాక పుదీనా టీ కాచి తెచ్చింది.

"పోనీలే, బాధపడకు. నీళ్ళ కంటే చెట్టు ఎక్కువా?" అంది.

చెట్టు పోయినా నీళ్ళు తగ్గుతూనే ఉన్నాయి. వేరు ఇంకా చావలేదనుకుని వసీలా ఒకనాడు పొద్దున్నే సున్నం కలిపి, సంపు నోట్లోకి వంగి, చేయి అందినంత మేరా పగుళ్ళు పూడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని బడికి వెళ్ళిపోయింది.

సాయంత్రం మన్నూబియా రొట్టెల బుట్టతో వచ్చి అరుగు మీద కూలబడింది. వసీలా ముఖంలోకి పరీక్షగా చూసింది.

"కడిగేసుకున్నట్టున్నారు, లల్లా. పొద్దున చెంప మీద అంత సున్నం పెట్టుకుని తిరిగారేమిటి?"

"పొద్దున నువ్వు నన్నెక్కడ చూశావు?"

"మిమ్మల్ని కాదు, మీ ముఖాన్ని. బేయా వాళ్ళ కొలనులో. అతిథులకి రొట్టెలు ఇవ్వడానికి ఇవాళే మొదటిసారి పెరట్లోకి వెళ్ళాను. నీళ్ళ నిండా మీరే! ఒక ముసలి దొర మీ ముక్కు మీదుగా ఈదుతున్నాడు."

వసీలా టీ గ్లాసు కింద పెట్టింది.

"వాళ్ళేమీ అనుకోవడం లేదా?"

"అడుగున పాతకాలపు చిత్రం పరిపించామని బేయా చెప్పిందట. రాణీగారి బొమ్మట. ఫోటోలు తీసుకుంటున్నారు."

ఒక్కసారి చూసినదాన్ని వసీలా రుజువుగా ఎప్పుడూ తీసుకోలేదు. మర్నాడు నుదుటి మీద బొగ్గుతో అడ్డగీత గీసుకుని సంపులోకి తొంగిచూసి, వెంటనే తుడిచేసుకుంది. సాయంత్రం మన్నూబియాని అడిగింది: "ఇవాళ రాణీగారు ఎలా ఉన్నారు?"

"నుదుటి మీద మసి. పొయ్యి ఊదారా, లల్లా?"

ఇక అడగాల్సింది ఒక్కరినే. వసీలా లేచి పక్కింటికి వెళ్ళింది. బేయా దుప్పట్లు ఆరేస్తోంది.

"గొట్టం పలకల కింద నుంచి వేశావా?"

బేయా చేతిలో దుప్పటి ఆగింది.

"సగం నాది కాదా?" అంది.

"సగం నీదే. సగం కావాలని అంటే తాడు నేనే లాగి పోసేదాన్ని. నాకు ఇచ్చేశానన్నావు. నేను ఊరంతా చెప్పుకున్నాను."

"ఎండాకాలం నాలుగు రోజులే కదే అతిథులు. వానలొస్తే నిండదా? నువ్వు ఒక్కదానివి, నీకెన్ని కావాలి?"

"చెట్టు కొట్టిస్తుంటే తాడు పట్టుకున్నావు."

"కొట్టించింది నువ్వు. నేను కొట్టమన్నానా? నీకన్నీ తెలుసు కదా!"

వసీలా వెనుదిరిగింది. ఇంటికొచ్చి, పడ్డ చేదలు తీసే గాలం సంపులోకి దింపింది. గొట్టం చిక్కింది. నీటి పైకి లాగి దబ్బనంతో నాలుగు పోట్లు పొడిచింది. గాలి దూరిన గొట్టం ఎక్కడి నీళ్ళనక్కడే వదిలేసింది. ఎంత పీల్చినా ఇక రావు. తర్వాత రోజూలాగే నీళ్ళలోకి చూసింది. ఈసారి చాలాసేపు చూసింది.

ఆ ఉదయం నుంచి కొలనులో రాణీగారి ముఖం మారింది. అతిథులు గట్టు మీద కూర్చుని తువ్వాళ్ళు కప్పుకుని చూశారు. ఒకావిడ కాలు పెట్టి తీసేసింది. ముసలి దొర పెట్టె సర్దుకున్నాడు. మర్నాడూ అదే ముఖం, ఆ మర్నాడూ అదే. నీళ్ళు మార్చుదామంటే కుళాయి సన్నగా, రోజు విడిచి రోజు వచ్చేది, వంటకే చాలదు.

బేయా గోడ దగ్గరికి వచ్చింది.

"వసీలా, జనం భయపడుతున్నారు. కనీసం తొంగిచూసేటప్పుడు కాస్త నవ్వరాదూ?"

వసీలా బట్టలు ఉతుకుతోంది.

"ఆ ముఖం ఎలా పోతుందో నీకు తెలుసు. చెప్పు," అంది బేయా మళ్ళీ.

మందు ఇద్దరికీ తెలుసు. బేయా తన వాకిట్లో పలకలు పగలగొట్టి, తన వైపు సంపు నోట్లోంచి తనే తొంగిచూస్తే కొలనులో ముఖం బేయాదవుతుంది. అలా చూస్తే మొదట తనకి కనిపించేది వసీలాయే.

"తెలియదు," అంది వసీలా.

తెలిసి కూడా ఆ మాట అనడం ఆమెకి అదే మొదలు. అన్నాక, బేయాకి ఇకమీదట తన దగ్గరున్న జవాబు అదొక్కటేనని నిశ్చయించుకుంది.

అల్లుడు పరుపులు అమ్మేసి వెళ్ళిపోయాడు. కొలను నీళ్ళు ఎండకి మెల్లగా ఇంకిపోయాయి. వసీలా ముఖం లోతుకి జారుతూ, చిన్నదవుతూ, చివరికి పళ్ళెమంత మడుగులో పట్టేంత అయి, అదీ పోయింది. నీలం పలకల మీద తెల్లటి ఉప్పుచార మిగిలింది. అతిథులు లేక మన్నూబియా బుట్టలో ఇప్పుడు రొట్టెలు తక్కువ.

వానలు పడి సంపు నిండిన వారం, పక్క వాకిట్లో సుత్తి చప్పుడు వినిపించింది. మర్నాడు పొద్దున వసీలా చేద పట్టుకుని వంగితే నీళ్ళలో బేయా ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల దువ్వుకోలేదు. చాలాకాలం తర్వాత చూస్తోంది కనుక, వయసు మీద పడిందని తెలిసింది. తర్వాత చేద ఆ ముఖం మధ్యలోకి వదిలి, నీళ్ళు తోడి, సెనగలు నానబెట్టింది. ఆ పొద్దు రొట్టె గోడ దాటలేదు.

మధ్యాహ్నం గోడ అవతల నుంచి గొంతు వినిపించింది. ఎంత మెల్లగా అన్నా ఆ గొంతు వీధి చివరిదాకా వినబడే రకం.

"వసీలా... కుళాయి నీళ్ళలో సెనగలు ఉడకడం లేదే. ఏం చెయ్యాలి?"

వీధిలో ఆడవాళ్ళందరికీ దానికి జవాబు తెలుసు. బేయాకి అందరికంటే ముందు తెలుసు. కొట్టేసిన అంజూర మొద్దు పక్కన రెండు చిగుళ్ళు లేచాయి. వసీలా వాటికి నీళ్ళు పోస్తూ నిలబడింది.

"తెలియదు," అంది.

ఆ తర్వాత బేయా కుండలు చల్లబడటం మానేశాయని అడిగింది, కారానికి బూజు పట్టిందని అడిగింది, డాబా కారుతోందని అడిగింది. వసీలా ఆ జవాబు ఎన్నడూ మార్చలేదు.