మాకేం, నెట్టుకొస్తున్నాం

వారానికి మూడు రోజులు పొద్దున్నే తెల్ల వ్యాను గుమ్మం ముందు ఆగి హారన్ కొట్టేది. అప్పుడు నెవిల్ ముఖం చూడాలి. యాభై దాటిన మనిషి, కోటు బొత్తాలు ఒకదానికి పెట్టాల్సింది ఇంకోదానికి పెట్టుకుని, టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని బడిపిల్లాడిలా పరిగెత్తేవాడు. వయసు పెరిగింది గానీ పుట్టుకతో వచ్చిన లోపం వల్ల అతని మనసు ఎదగలేదు. ఆ వ్యాను పగటిపూట తీసుకెళ్ళి ఉంచే లారెల్స్ సెంటర్లో అలాంటివాళ్ళే ఇంకొందరు ఉండేవారు. అక్కడ మధ్యాహ్నం అందరికీ టీ కప్పులు సర్దడం నెవిల్ ఉద్యోగం. జీతం లేదు, కానీ ఆ ఉద్యోగం మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకునేవాడు కాదు.

అక్క గ్లెనిస్‌కి డెబ్బై దగ్గర పడుతోంది. తల్లి పోయినప్పటి నుంచి తమ్ముడికి స్నానం, తిండి, మందులు, రాత్రిళ్ళు ఫిట్స్ వస్తే పట్టుకోవడం, అన్నీ ఆమే. తల్లి వదిలిపోయిన ఆస్తి ఒక చిన్న ఇల్లు, ఒక మాట. ఎవరు ఎలా ఉన్నారని అడిగినా, "మాకేం, నెట్టుకొస్తున్నాం" అనాలి. ఆ ఇంట్లోనే కాదు, హార్ల్‌క్లఫ్ ఊళ్ళో సగం వీధుల మర్యాద అదే. కాలు విరిగినా పర్లేదనాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పడమంటే నలుగురిలో బట్టలు విప్పుకున్నట్టే. ఫోన్ మోగితే ఏమనాలో వాళ్ళమ్మ నెవిల్‌కి కూడా నేర్పి పోయింది. ఆ ఒక్క వాక్యం తడబడకుండా చెప్పేవాడు.

ఆ చలికాలంలో ఒకనాడు గ్లెనిస్ వంటింట్లో జారి పడింది. తుంటి పట్టేసి లేవలేకపోయింది. చల్లటి నేల మీద అలాగే పడి ఉంది. సాయంత్రం నెవిల్‌ని దింపడానికి వచ్చిన వ్యాను డ్రైవర్ క్లైవ్ ఎంత తట్టినా తలుపు తియ్యకపోయేసరికి, వెనక గుమ్మంలోంచి వచ్చి చూసి లేపి కూర్చోబెట్టాడు.

"ఎవరికీ చెప్పకు బాబూ," అంది గ్లెనిస్, పళ్ళు టకటకలాడుతుంటే. "నెవిల్‌ని నా దగ్గర్నుంచి తీసుకుపోతారు."

క్లైవ్ పక్కింటి బ్రెండాకి మాత్రం చెప్పాడు.

నెల తిరక్కముందే ఊరి కౌన్సిల్ దగ్గర డబ్బుల్లేవని, లారెల్స్ లాంటి సెంటర్లు మూసే ఆలోచన ఉందని, ప్రజలు వచ్చి అభిప్రాయం చెప్పాలని కబురు వచ్చింది. చర్చి వెనక హాల్లో మీటింగు. దారి పొడుగునా బ్రెండా చెవిలో జోరీగలా రొద పెడుతూనే ఉంది.

"నువ్వు పడ్డ సంగతి చెప్పవే గ్లెనిస్. ఆ వ్యాను రాకపోతే ఆ నేల మీదే పోయేదాన్నని చెప్పు. అడగందే అమ్మైనా పెట్టదు, ఇక కౌన్సిలు పెడుతుందా?"

"చెప్తానులే."

"ఆ 'లే' ఏంటి? నాకు నీ సంగతి తెలీదా? దెయ్యం పట్టినా దానికి టీ ఇచ్చి కూర్చోబెట్టే రకం నువ్వు."

గ్లెనిస్ నిజంగానే చెప్పాలనుకుంది. ముందురోజు గిన్నెలు కడుగుతూ ఏం చెప్పాలో నోట్లో అనుకుని చూసుకుంది కూడా.

హాల్లో కౌన్సిల్ తరఫున టామ్సిన్ అనే అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఉంటాయేమో, కళ్ళ కింద నలుపు. "ఇంకా ఏదీ తేల్చలేదండీ, మీరు చెప్పేది వినడానికే వచ్చాం," అంది. ఆ మాట అప్పటికి ఎన్ని హాళ్ళలో చెప్పిందో, చెప్తూనే మార్కర్ మూత తీసేసింది. గ్లెనిస్ కూర్చున్న బల్ల దగ్గర ముందు ఒక ముసలాయన లేచాడు. భార్యకి మతిమరుపు జబ్బు, తననే గుర్తుపట్టడం లేదని చెప్తూ చెప్తూ అందరి ముందూ ఏడ్చేశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకుని బిస్కెట్ల వంక చూశారు. గ్లెనిస్ ఆయన చేతిలో రుమాలు పెట్టింది. ఇప్పుడు ఈయన తర్వాత నేనూనా, అనుకుంది. పక్కన నెవిల్ అక్క ముఖంలోకే చూస్తున్నాడు. పడ్డానని చెప్తే వీడు బెంగపడతాడు.

"మీరు చెప్పండమ్మా," అంది టామ్సిన్. "ఇంట్లో ఎలా ఉంటోంది?"

"మాకేం తల్లీ, నెట్టుకొస్తున్నాం. మాకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు ఎంతమంది లేరు?"

బ్రెండా బల్ల కింద కాలితో తన్నింది. నెవిల్ సంతోషంగా అందుకున్నాడు, "నెట్టుకొస్తున్నాం, థాంక్యూ." అందరూ నవ్వారు. ఏడ్చిన ముసలాయన కూడా నవ్వాడు. టామ్సిన్ ముఖం తేటపడింది. ఆ మాట పెద్ద అక్షరాలతో కాగితం మీదికెక్కింది.

మీటింగు మధ్యలో గ్లెనిస్ ఎవరూ చెప్పకుండానే హాలు వంటగదిలోకెళ్ళి కప్పులు కడగడం మొదలెట్టింది. బ్రెండా వెనకే వచ్చింది.

"సిగ్గుందా నీకు? వాళ్ళు గొయ్యి తవ్వుతుంటే పలుగు అందించొచ్చావు. అదీ నీ కోసం తవ్వే గొయ్యి. పో, వెనక్కెళ్ళి చెప్పు."

చేతులు తుడుచుకుని గ్లెనిస్ తిరిగేసరికి టామ్సినే ఖాళీ కప్పులు పట్టుకుని గుమ్మంలో ఉంది. బ్రెండా తప్ప ఇంకెవరూ లేరు. చెప్పడానికి ఇంతకంటే మంచి అదును దొరకదు.

"అమ్మాయ్, ఒక మాట..." అంది గ్లెనిస్.

"చెప్పండమ్మా. ఒక్క నిమిషం, కూర్చుంటా. పొద్దుట్నుంచీ ఏం తినలేదు. పొద్దునొకాయన నా ముఖం మీదే ఉమ్మేసినంత పని చేశాడు."

గ్లెనిస్ సంచిలోంచి నెవిల్ కోసం తెచ్చిన చీజ్ శాండ్‌విచ్ తీసి సగం తుంచి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "తిను తల్లీ. నీ ఉద్యోగం పగవాడిక్కూడా వద్దు," అంది. బ్రెండా కళ్ళు మూసుకుంది. చెప్పాల్సిన మాట సబ్బు నీళ్ళతో పాటే తూములోంచి పోయింది.

వసంతంలో కౌన్సిల్ సభ జరిగింది. గ్లెనిస్, బ్రెండా పైన జనం కూర్చునే చోట కూర్చున్నారు. ఎర్ర టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మీటింగు కాగితంలోంచి చదివాడు: "తమ్ముణ్ణి చూసుకుంటున్న ఒక అక్క ఏమన్నదో వినండి. మాకేం, నెట్టుకొస్తున్నాం, మాకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు ఎంతమంది లేరు, అన్నది. మన ఊరి కుటుంబాల గుండెనిబ్బరం ఇదీ." కింద కొందరు బల్లలు చరిచారు. గ్లెనిస్ లేచి నిలబడింది.

"అబద్ధమండీ అది. నేను పడిపోయాను. నా వల్ల కావట్లేదు."

ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. అధ్యక్షుడు మాత్రం విన్నాడు. అభిప్రాయాలు చెప్పే గడువు అయిపోయిందమ్మా, దయచేసి కూర్చోండి అన్నాడు, చాలా మర్యాదగా. అలవాటు కొద్దీ ఆమె "క్షమించండి" అని కూర్చుంది.

లారెల్స్ మూతపడింది. దాని బదులు వారానికోసారి ఫోన్ చేసి బాగోగులు కనుక్కుంటామన్నారు. క్లైవ్ వేరే ఊళ్ళో సామాన్ల లారీకి మారాడు. నెవిల్ మాత్రం అవే రోజుల్లో కోటేసుకుని, డబ్బా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు. వ్యాను రాదురా అంటే, "ట్రాఫిక్కు అక్కా," అనేవాడు.

బ్రెండా కూతురింటికి వెళ్ళిన వారంలో, ఒక బుధవారం, గ్లెనిస్ మళ్ళీ పడింది. ఈసారి తుంటిలో ఏదో విరిగిన చప్పుడు తనకే వినపడింది. కోటుతోనే వచ్చి నెవిల్ పక్కన చతికిలపడ్డాడు. ఆమె చేతిలో ఒక బిస్కెట్ పెట్టాడు.

అప్పుడే నడవాలో ఫోన్ మోగింది. వారం వారం కౌన్సిల్ వాళ్ళు చేసే వేళ అది.

"నెవిల్, తియ్యి నాన్నా. అక్క పడిపోయిందని చెప్పు. పడిపోయిందీ, అంతే."

గబగబా వెళ్ళాడు. అవతలి మాటలు ఆమెకి వినపడలేదు. అడిగేది ఏమిటో మాత్రం తెలుసు. ఊపిరంతా కూడదీసుకుని అరిచింది, పక్క గదికి కూడా చేరలేదు.

"మాకేం, నెట్టుకొస్తున్నాం, థాంక్యూ," అన్నాడు నెవిల్, ఒక్క అక్షరం తడబడకుండా. ఫోన్ జాగ్రత్తగా పెట్టేశాడు.

తిరిగొచ్చి నవ్వుతూ నిలబడ్డాడు. "బాగా చెప్పానా అక్కా?"

గ్లెనిస్ చెయ్యి చాచి అతని కోటు అంచు పట్టుకుంది.

"బాగా చెప్పావు నాన్నా. ఇలా వచ్చి కూర్చో. నీ కోటు విప్పి నా మీద కప్పు."

"వ్యాను వస్తుందిగా అక్కా," అని, కోటు విప్పకుండానే అతను పక్కన కూర్చున్నాడు.