తూము మూసినవాడు

దీవి మీది డెలానీపూర్ పేటలో ఏ వీధికి ఏ రోజు నీళ్లు వస్తాయో లోకనాథానికి నోటిమీదే ఉంటుంది. ఊరికి నీళ్లు వదిలే వాల్వులు తిప్పడంలోనే అతనికి ఇరవై ఆరేళ్లు గడిచిపోయాయి. ఆ ఏడు మార్చి దాటినా ఒక్క వాన పడలేదు. మూడు రోజులకోసారి వచ్చే నీళ్లు అయిదు రోజులకోసారి అయ్యాయి. అతను వీధిలో అడుగు పెడితే చాలు, "భయ్యా, మా వంతు ఎప్పుడు?" అంటూ ఆడవాళ్లు చుట్టుముట్టేవారు. ఇంట్లో భార్య సాయిలక్ష్మి బియ్యం కడిగిన నీళ్లతోనే గిన్నెలు తొలిచేది.

ఏప్రిల్ రెండో వారంలో జూనియర్ ఇంజనీరు వీరేంద్ర అతన్ని పిలిచి, సిప్పీఘాట్ వాగు మీద ఉన్న చిన్న ఆనకట్ట దగ్గర పంపు బిగించమన్నాడు. ఆ నీళ్లు ట్యాంకర్లలో ఊళ్లోకి తేవాలి. వానలు పడేదాకా పొలాలకు పోయే తూము మూసెయ్యాలి.

ఆ తూము కింద మొదటి పొలం చెక్క, లోకనాథం అప్పా అని పిలిచే అక్క ఎరుకమ్మది.

"అక్కడ పాతిక కుటుంబాలు కూరగాయలు పండిస్తన్నాయి సార్. అన్నీ పూత మీదున్నాయి. రోజుకో గంట వదుల్దాం," అన్నాడు లోకనాథం.

"నేనూ అడిగాను అంకుల్. తాగడానికే లేవు, ముందు జనం సంగతి చూడమన్నారు పైవాళ్లు. రైతులు జనం కారా అని నేనడగలేను కదా. క్యా కరూఁ, ఏం చెయ్యను?" అన్నాడు వీరేంద్ర, తల వంచుకుని.

సునామీ ఏడు సముద్రం పొంగి ఎరుకమ్మ వరిమడి ఉప్పునీటి పాలైంది. మిగిలింది వాగు ఒడ్డున మెరక మీద ఆ చెక్కే. మొగుడు పోయాక అందులోనే బెండ, బీర, బచ్చలి పండించి అబర్డీన్ బజార్లో అమ్ముకుంటోంది. పనిముట్లతో వచ్చిన తమ్ముణ్ణి చూసి, కారిపోతున్న తూము బాగుచేయడానికి వచ్చాడనుకుని మురిసిపోయింది. అతను సంగతి చెప్పాక చేతిలో బుట్ట కింద పెట్టేసింది.

"నువ్వే మూసేత్తావేట్రా?"

"నేను కాపోతే ఇంకొకడు మూస్తాడప్పా."

"ఆ ఇంకొకడినే రానివ్వలేకపోనావా."

అతను తూము చక్రం తిప్పాడు. కాలవలో నీరు సన్నబడి, తీగలా మారి, ఆగిపోయింది. ఎరుకమ్మ గట్టు మీద కూర్చుని అదంతా చూసింది.

వారం తిరిగేసరికి బెండాకులు వేలాడిపోయాయి. లోకనాథం చూడలేకపోయాడు. పంపు వేయడానికి తెల్లవారుతూనే వెళ్లి, ఎవరూ రాకముందే అరగంట సేపు తూము ఎత్తేవాడు. మూడు రోజులు అలా చేశాడు. మొక్కలు తేరుకున్నాయి. నాలుగో రోజు ఆనకట్ట వెనక మడుగు అడుగంటి, ఆఖరి ట్యాంకరు సగమే నిండింది. డెలానీపూర్ చివరి వీధికి చేరేసరికి అదీ అయిపోయింది. అక్కడ మంచాన పడ్డ మొగుడితో ఉండే గురమ్మ ఖాళీ డ్రమ్ము పట్టుకుని నిలబడింది.

"ఆయన ఒళ్లు తుడిచి నాలుగు రోజులైంది భయ్యా," అంది. తిట్టలేదు.

మర్నాటి నుంచి లోకనాథం తూము జోలికి పోలేదు.

నెలాఖరుకు తోటంతా ఎండుపుల్లలైంది. మడుగు తోడేయడంతో పక్కనున్న ఎరుకమ్మ వాళ్ల మంచినీళ్ల బావి కూడా ఎండిపోయింది. ఎరుకమ్మ ఫోన్ చేసింది.

"పంటకి కాదురా లోకం. తాగడానికి."

సిప్పీఘాట్ పంచాయతీ కిందికి వస్తుంది, ఊరి మునిసిపాలిటీ ట్యాంకరు అక్కడ నీళ్లు దింపకూడదు. వీరేంద్ర పై ఆఫీసుకు ఉత్తరం రాశాడు. అది ఏ బల్ల మీద ఆగిందో అతనికే తెలియలేదు. ఇంటి వంతు నీళ్లు వచ్చిన రోజు సాయిలక్ష్మి అందరికంటే ముందు రెండు క్యాన్లు నింపి స్కూటరు మీద పెట్టింది.

"మరి మనకి?" అన్నాడతను.

"ముందు వదినకి ఇచ్చి రా."

ఆనకట్ట దగ్గర ట్యాంకరు నిండుతోంది. ఆ నీళ్లే ఊళ్లోకి పోయి, తన ఇంటి వంతులో చేరి, మళ్లీ తన స్కూటరు మీద ఇక్కడికే వచ్చాయి. లోకనాథం డ్రైవరు వైపు చూడకుండా దాటిపోయాడు. ఎరుకమ్మ ఒక క్యాను ఉంచుకుని, రెండోది పక్కింటి దానయ్యకు ఇచ్చేసింది.

మే చివర్లో వాన దిగింది. లోకనాథం తూము ఎత్తాడు. కాలవ నిండా ఎర్రనీళ్లు పరుగెత్తాయి. ఆ ముందురోజే వీరేంద్ర అతనికి చెప్పాడు, పంపు బాగా పనికొచ్చిందనీ, వచ్చే ఏడు జనవరి నుంచే బిగిస్తారనీ. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక అతను గట్టు మీద తడుస్తూ నిలబడ్డాడు. ఎరుకమ్మ బీరగింజలు నాటుతూ తలెత్తింది.

"ఏట్రా? మళ్లీ మూసేత్తారా?"

"జనవరికి, అప్పా."

ఆమె వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. "అయితే వానపంటతో సరిపెట్టుకోవాల. ఎండపంట లేనట్టే," అని మళ్లీ వంగింది. ఆ ఎండపంటే ఆమెకు ఏడాది తిండి అని అతనికి తెలుసు. చెప్పులు విప్పి, మడిలోకి దిగి, ఆమె పక్కనే గుంతలు తవ్వసాగాడు. అంతకంటే అతను చేయగలిగింది ఏమీ లేదు.