పక్కన ఖాళీ స్టూలు

అన్నం వేళ ఎప్పుడో దాటిపోయింది. కోరుట్ల బీడీ కార్ఖానా ముందు గదిలో తంబాకు ఘాటు మాత్రం పొద్దుటిలాగే ఉంది. కల్యాణి తుమ్మి, కళ్ళు తుడుచుకుని, తరవాతి మనిషిని రమ్మని చెయ్యి ఊపింది. తెచ్చుకున్న డబ్బా ఇంకా సంచిలోనే ఉంది. గోడవార చాప మీద చాలామంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో చాటలు లేకపోయినా కొందరి వేళ్ళు ఊరుకోవడం లేదు. కొంగు అంచును చుడుతున్నాయి, విప్పుతున్నాయి.

కల్యాణి జగిత్యాలలో ఒక కంటి ఆస్పత్రి వాళ్ళు నడిపే కాలేజీలో ఆప్టోమెట్రీ చదువుతోంది. కళ్ళు పరీక్షించి అద్దాల నంబరు తేల్చే చదువు అది. ఆఖరి ఏడాది కాబట్టి క్యాంపుల్లో పని నేర్చుకోవాలి. విద్యార్థి చూసిన ప్రతి కంటినీ పక్కన కూర్చున్న సారు మళ్ళీ చూడాలని నియమం. అందుకే వ్యానులో ఒక్కో విద్యార్థికి రెండేసి స్టూళ్ళు ఎక్కిస్తారు. పొద్దుటి నుంచి కల్యాణి పక్కనున్న స్టూలు మీద ఫ్రేముల అట్టపెట్టె కూర్చుని ఉంది. సారు దశరథం బయట వరండాలో అద్దాలమ్మే బల్ల దగ్గర ఉన్నాడు.

"రా అవ్వా, గీ కుర్చీల కూసో. పేరేంది?"

"నాగవ్వ."

"ఎడమ కన్ను మూసుకో. గా దువ్వెన పండ్లు ఎటున్నయో చెయ్యితోని చూపియ్యి."

చదువు రానివాళ్ళ కోసం తెచ్చిన చార్టు అది. మూడు పళ్ళ దువ్వెనలాంటి గుర్తులు, ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి పక్కకు. కిందికి పోయేకొద్దీ చిన్నవవుతాయి. నాగవ్వ అరచెయ్యి చకచకా తిరిగింది. పక్కకు, కిందికి, మీదికి, మళ్ళీ పక్కకు. ఆఖరి వరసకు కల్యాణి కర్ర ఆనించకముందే చెయ్యి తిరిగిపోయింది. రెండో కంటికీ అంతే.

"నా కంటె నీకే మంచి చూపున్నదవ్వా," అన్నాడు అవతలి మూల పరీక్షలు చేస్తున్న సతీశ్. అతనిదీ కల్యాణి తరగతే. "మాపటికి మా వ్యాన్ నువ్వే నడుపు."

చాప మీద ఆడవాళ్ళు నవ్వారు. కానీ ఆ నవ్వు తొందరగా ఆగిపోయింది.

కల్యాణి రెటినోస్కోప్ అనే టార్చిలాంటి ముట్టు తీసి నాగవ్వ కంట్లోకి వెలుగు గీత వేసింది. కుడి కంట్లో ఎర్రటి మెరుపు, రిఫ్లెక్స్ అంటారు దాన్ని, కొంచెం మసగ్గా కదిలింది. ఎడమ కంట్లో కదిలిందో లేదో తెలియలేదు. మళ్ళీ వేసింది. నిజంగానే కంట్లో ఏదైనా ఉందా, లేక తన చెయ్యి ఇంకా కుదురుకోలేదా? ఆమెకు అర్థం కాలేదు. పని ముట్టు ఒకటి చెబుతోంది, మనిషి మరొకటి చెబుతోంది. కల్యాణి లేచి వరండాలోకి వెళ్ళింది.

"గీ ఫ్రేము ఏడు వందలదవ్వా. క్యాంపని నాలుగు వందల యాబైకి ఇస్తున్నం," అంటున్నాడు దశరథం. వెయ్యి బీడీలు చుడితే రెండు వందల యాభై వచ్చే మనిషి ఆ ఫ్రేమును ముట్టుకుని, తుడిచి, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"సార్, ఒక్కపారి లోపటికి రాండ్రి. ఒకామెకు ఎడమ కంట్ల రిఫ్లెక్స్ సరిగ కనవడ్తలేదు. చార్టు మాత్రం మొత్తం చెప్పింది."

"మొత్తం చెప్పిందంటే మంచిగున్నట్టే. రాసెయ్యి. మాపటికి అన్నిటికి సంతకం పెడ్త."

"నాకు పక్కా తెలుస్తలేదు సార్. మీరు చూడుండ్రి."

దశరథం గొంతు తగ్గించాడు. ఆయన కళ్ళ కింద చర్మం నల్లబడి ఉంది. "నన్నేం చెయ్యమంటవ్ కల్యాణీ? గీ అద్దాలు పోకపోతే డీజిల్ పైసలు నా జీతంల కోస్తరు. గీడ, పక్క గదిల నీతోని పాటు ఇంకో నలుగురున్నరు. ఎవ్వల పక్కకని కూసోను?"

కల్యాణి తిరిగి వచ్చేసరికి టేకేదారు నారాయణ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కంపెనీ నుంచి ఆకు, తంబాకు తెచ్చి ఇళ్ళకు పంచేదీ, చుట్టిన బీడీలు లెక్క చూసి తీసుకునేదీ ఆయనే. క్యాంపు పెట్టమని అడిగింది కూడా ఆయనే.

"జల్ది కానియ్యమ్మా. ఎవ్వలకు కనవడ్తలేదో నాకు చెప్తె సరిపాయె. కనవడనోళ్ళకు ఆకిచ్చి నేనెందుకు మునగాలె?"

చాప మీద కొంగులు చుట్టే వేళ్ళు ఆగాయి. కల్యాణి ఆ వేళ్ళ వంక చూసింది. రాయికల్‌లో వాళ్ళమ్మ దేవవ్వ కూడా బీడీలే చుడుతుంది. చూడకుండానే చుడుతుంది. మాట్లాడుతూ, కూర రుచి చూస్తూ, నిద్ర తూగుతూ చుడుతుంది. ఒకసారి చేతికి వచ్చిన వరస చెయ్యి మరిచిపోదు.

"అవ్వా, జెరసేపు కండ్లు మూసుకో," అంది. చార్టు తీసేసి సంచిలో ఉన్న ఇంకో చార్టు మేకుకు తగిలించింది. గుమ్మంలోని నారాయణకు ఆ గోడ కనబడదు. గుర్తులు అవే కానీ వరస వేరు. "ఇగ చూపియ్యి."

నాగవ్వ చెయ్యి ఇందాకటి లాగే తిరిగింది. పక్కకు, కిందికి, మీదికి, మళ్ళీ పక్కకు. అన్నీ తప్పు. గోడ మీద అన్నిటికన్నా పెద్ద గుర్తు కూడా తప్పే. ఆమె ముఖంలో మాత్రం అన్నీ సరిగ్గా చెప్పిన ధీమా ఉంది.

చాప మీద ఎవరో "అయ్యో" అని నోరు మూసుకున్నారు. పొద్దున్నే పరీక్ష అయిపోయిన ఒక చిన్నది ఆ వరస పట్టుకెళ్ళి, వెనక ఉన్నవాళ్ళ అరచేతుల్లో వేలితో గీసి నేర్పింది. కొత్తగా వచ్చిన పిల్లకు ఆకు మడత నేర్పినట్టే నేర్పింది. పొద్దుటి నుంచి కల్యాణి మంచి చూపని రాసిన వాళ్ళలో ఎంతమందికి చూపుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

నాగవ్వకు గది నిశ్శబ్దం అర్థమైంది. ముందుకు వంగి కల్యాణి మోకాలు పట్టుకుని, గుమ్మం దాకా వినబడకుండా గుసగుసగా అంది.

"మంచిగున్నయనే రాయి బిడ్డా. నీ కాల్మొక్కుత."

"బీడీలెట్ల చేస్తున్నవవ్వా?" కల్యాణి కూడా గొంతు తగ్గించింది.

"చేతులు చేస్తయి. దారం రంగు మా మనుమరాలు చెప్తది. రాత్రి లైటు చుట్టు రంగురంగులు తిరుగుతయి, తలకాయ పలుగుతది. గంతే, ఇంకేం లేదు. సిరిసిల్లల మా తమ్ముడు పోశం సాంచాలు నడిపెటోడు. పోయిన నెల గిట్లనే కండ్ల క్యాంపు పెట్టిండ్రట. ఎవతో ఓ పోరి, వీనికి కనవడ్తలేదని అందరు వినంగ మొత్తుకున్నదట. ఆసామి గాడనే నిలవడి విన్నడు. తెల్లారి పనికి రావద్దన్నడు. గిప్పుడు ఇంట్ల కూసున్నడు వాడు."

ఆ పోరి కల్యాణే.

ఆ రోజు సిరిసిల్ల షెడ్డులో సాంచాలు ఆపలేదు. మరమగ్గాల చప్పుడులో అవతల రాసుకుంటున్న సతీశ్‌కు వినబడాలని ఆమె అరిచి చెప్పింది. పక్కన ఆసామి, ఆ సాంచాల యజమాని, ఉన్నాడని చూసింది కూడా. అందులో తప్పు ఉందని తట్టలేదు. తట్టించాల్సిన మనిషి స్టూలు ఆ రోజు కూడా ఖాళీగానే ఉంది.

లైటు చుట్టూ రంగులు, తలనొప్పి. ఈ రెండూ కలిసి వస్తే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలని, ఆలస్యమైతే పోయిన చూపు తిరిగి రాదని పాఠంలో విన్నది. విన్నదే, ఏ కంట్లోనూ చూడలేదు. మంచిగుందని రాస్తే ఈమె కన్ను పోవచ్చు. బాగాలేదని చెబితే గుమ్మంలో ఉన్న మనిషి రేపటి నుంచి ఆకు ఇవ్వడు.

కల్యాణి లేచి నిలబడింది.

"నారాయణన్నా, జెర బయటికి నడువుండ్రి. పరీక్ష చేసేటప్పుడు ఎవ్వలు ఉండద్దు."

"నా కార్ఖానలకెల్లి నన్నే పొమ్మంటున్నవా?"

"కార్ఖాన మీదే అన్నా. కండ్లు ఆమెయి."

నారాయణ వరండా వైపు తిరిగి అరిచాడు. "ఓ దశరథం సారూ! ఏందిది, మీ పోరి లొల్లి? మీ దవాఖాన పెద్దసారుకు ఫోన్ కొట్టాల్నా?"

దశరథం పరుగున లోపలికి వచ్చాడు. అప్పటికి కల్యాణి స్టూలు మీది అట్టపెట్టె దించి కింద పెట్టింది. స్టూలును తన పక్కకు జరిపి చున్నీతో దుమ్ము తుడిచింది.

"కూసోండ్రి సార్. గీ అవ్వ కండ్లు మీరు చూడాలె. పొద్దటిసంది నేను చూసినోళ్ళందర్ని మళ్ళ చూడాలె. తలుపేసి చూడాలె. గప్పటిదాంక నేను ఇంకొకలను పిలువ."

"పిచ్చి లేసిందా? నీ పోస్టింగ్ అయిపోయిందని నేను రాయకపోతే ఏమైతదో ఎరికేనా?"

"ఎరికే సార్." ఫీజు కోసం రాయికల్‌లో తల్లి రోజూ రాత్రి ఎంతసేపు కూర్చుంటుందో ఆమెకు ఎరికే. "నాకు రాదు సార్. రాంది అచ్చినట్టు రాయ. నేర్పుండ్రి, నేర్చుకుంట."

గుమ్మంలో నారాయణ అప్పటికే ఫోనులో ఆస్పత్రి పెద్దసారుకు సంగతి చెప్పి పెట్టేశాడు. మూలలో సతీశ్ టార్చి ఆర్పాడు. ఆర్పాడే కానీ కింద పెట్టలేదు. ఒకసారి సారును, ఒకసారి తన పక్కనున్న ఖాళీ స్టూలును చూశాడు.

దశరథం నుదురు రుద్దుకున్నాడు. "మా సారు," అన్నాడు ఎవరితోనో చెబుతున్నట్టు, "భుజం మీద చెయ్యేసి చూపిచ్చేటోడు." ఆ మాట అక్కడే ఆపేశాడు. జేబులో ఫోను మోగింది. తీసి పేరు చూశాడు. ఆస్పత్రి పెద్దసారు. ఎత్తలేదు, కట్ కూడా చెయ్యలేదు. ఇంకో చెయ్యి స్టూలు మీద ఆనింది.

గుమ్మంలో నారాయణ కదల్లేదు. కుర్చీలో నాగవ్వ కూడా లేవలేదు. ఎవరు ఏమంటారోనని గోడ వైపే చూస్తూ కూర్చుంది. ఆమె కుడి అరచెయ్యి మాత్రం ఒళ్ళో మెల్లగా తిరుగుతోంది. పక్కకు, కిందికి, మీదికి, మళ్ళీ పక్కకు.

ఫోను ఆగి, మళ్ళీ మోగింది.