వేళ్ళు చూడని సీసా

నేనొక తెల్లగాజు సీసాను. జామ్ నింపడానికి పుట్టాను గానీ, అరటి మొగ్గలను సీసాల్లో పెంచే ఒక ల్యాబ్‌కు చేరాను. నన్ను ఆవిరిలో ఉడికించి, మొక్కకు తిండి కలిపిన జావ పోసి, అందులో మొక్కను నిలబెట్టి మూతేస్తారు. లోపల ఏం జరిగినా దాచుకోకపోవడమే నా గొప్ప.

నా ఆలనాపాలనా ల్యాబ్‌లో పనిచేసే వీరవేణిది. ఆ ఏడాది వరదకు రైతు బులిరాజు గారి లంకతోట కొట్టుకుపోయింది. ఆ అరటి జాతి మరెక్కడా లేదట. బురదలో దొరికిన ఒక్క పిలకను తువ్వాలులో చుట్టి తెచ్చారాయన. దాని మొగ్గలను కోసి సీసాల్లో పెడితే, మిగతావన్నీ బూజుపట్టి పోయాయి. మిగిలింది నాలోనిదే. ఆకులు వేసింది, వేళ్ళే వేయాలి.

వేళ్ళ కోసం వీరవేణి జావలో హార్మోన్ కలిపింది. వెలుతురు తగిలితే విరిగిపోతుందని ఆ మందును ముదురు గోధుమరంగు సీసాలో పెడతారు. అది చాలదన్నట్టు, మొక్క ఒంట్లోనే ఒక ఎంజైమ్ ఉంది. కోసిన చోట కూర్చుని, అందిన హార్మోన్‌ను అందినట్టే నమిలేస్తుంది.

బులిరాజు గారు వారానికోసారి వచ్చి అద్దం అవతల నిలబడేవారు.

"ఏళ్ళేసిందా అమ్మాయ్?"

"ఏసేత్తాదండి బాబాయ్ గారూ, కంగారు పడకండి."

కంగారంతా ఆమెదే. నీడగా ఉన్న మూల అరలోంచి నన్ను తీసి, ట్యూబ్‌లైటు కిందనే పెట్టి, "ఇక్కడ బాగా ఎలుగొత్తాదే తల్లీ" అని మూత నిమిరింది. గోధుమరంగు సీసాను బీరువాలో భద్రంగా దాచే మనిషే! జావలో కలిశాక కూడా మందుకు అదే గండం ఉంటుందని తోచలేదు.

పైన వెలుతురు, లోపల ఎంజైమ్. అరుద్దామంటే నాకు నోరేదీ? కాస్త నల్లబడదామన్నా గాజుకు చేతకాదు. వచ్చిన వెలుతురునల్లా లోపలికి పంపుతూ కూర్చున్నాను. మందు అందక వేళ్ళు రాలేదు. మొక్క మొదలు కమిలింది, ఆకులు వాలి ఎండిపోయాయి. నాకంటే పనికిమాలినది ఇంకొకటి ఉండదనిపించింది.

ల్యాబ్ నడిపే పెద్ద మేడమ్ వచ్చి కారణం చెప్పాక, వీరవేణి నన్ను తీసుకెళ్ళి బులిరాజు గారి చేతిలో పెట్టింది.

"తప్పు నాదేనండి. ఎలుగులో ఎట్టకూడదంట."

ఆయన నన్ను తిప్పి తిప్పి చూశారు. "నేనైనా ఎండలోనే ఎట్టేవోడినమ్మా" అన్నారు.

ఇప్పుడు నా నడుముకు నల్లకాగితం చుట్టింది వీరవేణి. లోపల వేరే జాతి అరటి. దాని వేళ్ళు నా అడుగును గీరుతున్నాయి. బులిరాజు గారు ఇంకా వస్తూనే ఉన్నారు.

"ఏళ్ళేసిందా అమ్మాయ్?"

"ఏసిందండి."

ఏ మొక్కో ఆయన అడగరు, ఆమె చెప్పదు.