నూతిలో చేద

సుబ్బలక్ష్మి కాలవ గట్టున పుట్టిన మనిషి. కోనసీమలో ఆవిడ పుట్టింటి పెరట్లోని నూతిలో, వానాకాలం వస్తే వంగి చెంబుతో ముంచుకోవడమే. తాడుతో పనిలేదు. అటువంటి మనిషి భర్త పోయాక కొడుకు చలపతిరావు ఉద్యోగం పేరున కూకట్‌పల్లికి వచ్చి, పంతొమ్మిది వందల డెబ్బై మూడు వేసవిలో, అద్దె ఇంటి నూతి దగ్గర ఒక్క బిందె కోసం వంతు కాయాల్సి వచ్చింది. తలరాత అంటే ఇదే కాబోలు.

అంతకు ముందు ఏడాది వానలు మొహం చాటేశాయి. ఆ నుయ్యి ఇంటి యజమానురాలు భాగ్యమ్మది. దాని మీద మూడు కాపురాలు బతకాలి: భాగ్యమ్మది, వెనక గదిలో ఉండే సక్కుబాయిది, వీళ్లది. రాత్రంతా ఊరిన నీళ్లు తెల్లారేసరికి అడుగున ఇన్ని చేరేవి. ఇంటికి ఒక బిందె, అంతే. అంతకుమించి కావాలంటే పెద్ద రోడ్డు దాటి పొలాల్లో ఉన్న లింగమూర్తి మోటరు బావికి నడవాలి. కరెంటు ఉన్నప్పుడు ఆయన కాదనకుండా పట్టుకోనిచ్చేవాడు.

అంత దూరం సుబ్బలక్ష్మే నడిచేది. కోడలు రత్నమాల ఇరవయ్యేళ్ల పిల్లే గానీ బాలింత. ఆంధ్రలో ప్రత్యేక రాష్ట్రం గొడవలై రైళ్లు ఆగిపోవడంతో పురిటికి పుట్టింటికి వెళ్లలేక ఇక్కడే ఆడపిల్లని కంది. మూడో నెల వచ్చినా నూతిలో చేద వెయ్యలేదు. బాలింత నూతికి పూజ చేసి, చేద వేసి, మొదటి నీళ్లు తోడుకున్నాకే మళ్లీ నీళ్ల పనికి వెళ్లాలి. వాళ్లింటి ఆచారం అది.

"ఆచారం కాదు, చాదస్తం," అని చలపతిరావు విసుక్కున్నాడు. వాడికేం తెలుసు? వాడికంటే ముందు ఆవిడకొక పిల్లవాడు పుట్టాడు. అత్తగారు మంచాన పడితే, ఇంట్లో వేరే దిక్కు లేక, చేద వెయ్యకుండానే ఆవిడ నూతి దగ్గరికి వెళ్లింది. ఆ పిల్లవాడు నెల తిరక్కుండా పోయాడు. రెంటికీ సంబంధం లేదని ఎవరైనా చెప్పొచ్చు. కన్నదీ పోగొట్టుకున్నదీ ఆవిడ. ఆ భయం ఒకరు చెబితే పోయేది కాదు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఒకరోజు ఆవిడ నీళ్లు మోస్తూ రోడ్డు పక్క కంకరలో జారి పడింది. మోకాలు బూరెలా పొంగింది. చలపతిరావు పొద్దున్నే సైకిలెక్కి బాలానగర్ ఫ్యాక్టరీకి పోతే చీకటి పడ్డాకే రాక. ఇక ఇంట్లో నీళ్లు తేగల కాళ్లు రత్నమాలవే. శుక్రవారం చేద వేసేద్దామని ఆవిడ నిశ్చయించింది.

"నూతికి పసుపు కుంకుమ ఇచ్చుకుంటాం భాగ్యమ్మా. ఎవరూ తోడకముందే చెయ్యాలి," అని ఒక మాట చెప్పింది.

"ఇచ్చుకో పెద్దమ్మా. గంగమ్మకు బొట్టు వెట్టుడు మంచిదే గదా, నన్నడుగుడేంది?" అంది భాగ్యమ్మ. వాళ్లింట్లో గట్టు రాయికి ఇంత బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. పెద్దమ్మ కూడా అదే చేస్తుందనుకుంది పాపం.

శుక్రవారం తెల్లవారగానే రత్నమాల రెండు చెంబులతో తలంటుకున్నాననిపించుకుని, పసుపు, కుంకుమ, మందారాలు, శనగలు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. ఆ శనగలు నానడానికే చెంబుడు నీళ్లు ఖర్చయ్యాయి. సుబ్బలక్ష్మి ముత్తైదువ కాదు గనుక దగ్గరికి రాకూడదు. అరుగు మీద వాపు కాలు చాపుకుని, మనవరాలిని ఒళ్లో వేసుకుని, అక్కణ్ణించే చెప్పసాగింది.

"గట్టుకి పసుపు రాయి. ఊఁ, ఇప్పుడు లోపల వెయ్యి."

రత్నమాల చిటికెడు వేసింది.

"అదేమిటే, కోళ్లకి నూకలు వేసినట్టు? గంగమ్మ దగ్గర పిసినారితనమా? దోసిలి నిండా వెయ్యి."

"అత్తయ్యగారూ, నీళ్లు..." అని కోడలు నసిగింది. "ఇవాళ అడుగున మరీ కొంచెమే ఊరాయండి."

"ఉన్నన్ని ఉంటాయి. చెప్పింది చెయ్యి. కుంకుమ, పూలు, శనగలు, అన్నీ వెయ్యి."

ఆవిడ కళ్లలో ఉన్నది కోనసీమ నుయ్యి. అందులో దోసెడు పసుపు వేస్తే చూస్తుండగానే కలిసిపోయేది. శనగల్ని చేపలు తినేసేవి. ఈ నూతి అడుగు అరుగు మీదికి కనబడదు. రత్నమాలకి కనబడుతోంది గానీ, అత్తగారికి ఎదురు చెప్పడం ఆ పిల్లకి రాదు. పళ్లెం బోర్లించేసింది.

చేద దింపితే నీళ్ల చప్పుడు రాలేదు. తాడు అటూ ఇటూ ఆడించి పైకి లాగింది. చిక్కటి పసుపు బురద, నలిగిన మందారం, గుప్పెడు శనగలు వచ్చాయి.

అప్పుడే భాగ్యమ్మ, సక్కుబాయి బిందెలతో వచ్చారు. భాగ్యమ్మ చేదలోకి చూసింది, తర్వాత నూతిలోకి తొంగి చూసింది.

"గిదేంది బిడ్డా?" అంది మెల్లగా. "అంతా లోపలేసినవా?"

సక్కుబాయి అక్కడే కూలబడింది. "ఇయ్యాల పిల్లలకు ఏం తాపియ్యాలె?" అని ఎవరి మొహమూ చూడకుండా అడిగింది.

సుబ్బలక్ష్మికి వాళ్లు తిడితే బాగుండుననిపించింది. తిట్టదలిస్తే ఆ ఏడాది మాటలకేం కొదవ, ఆంధ్రోళ్లనే మాటతో సహా. ఎవరూ తిట్టలేదు.

"పా బిడ్డా, లింగమూర్తి బాయికి పోదాం," అంది భాగ్యమ్మ. రత్నమాల ఖాళీ బిందె చంకనెత్తుకుంది.

"ఆగవే," అంది సుబ్బలక్ష్మి. "నీళ్లు రాలేదు, బురద వచ్చింది. చేద వేసినట్టో కాదో. వెళ్లకే తల్లీ, పసిదానికి ఏమన్నా అయితే..."

"వెళ్లకపోతే పసిదానికి నీళ్లెక్కడివండీ?" అంది రత్నమాల. ఎదురు చెప్పడం కాదు, నిజంగానే అడిగింది. జవాబు కోసం కాసేపు నిలబడింది కూడా. ఆవిడ పసిదాన్ని ఒళ్లోకి ఇంకాస్త లాక్కుంది. ముగ్గురూ వెళ్లిపోయారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆవిడకి ఆ నుయ్యీ గొయ్యే అయి కూర్చుంది. పసిది ఏడుస్తుంటే పదేపదే ఒళ్లు తాకి చూసింది. వేడిగానే ఉంది. అది ఎండో జ్వరమో తేల్చుకోలేకపోయింది.

మధ్యాహ్నం దాటాక వాళ్లు తిరిగొచ్చారు. కరెంటు రాలేదట. బిందెలు ఎలా వెళ్లినవి అలాగే వచ్చాయి.

భాగ్యమ్మ నూతి దగ్గరికి వెళ్లి, బురద మీద తేరిన పచ్చటి నీళ్లు జాగ్రత్తగా తోడి కొంగుతో వడకట్టింది. సగం బిందె అయ్యాయి. తెచ్చి సుబ్బలక్ష్మి ముందు పెట్టింది.

"తాగనీకి పనికిరావు పెద్దమ్మా. పసుపునీళ్లే గదా, పిల్లకు తానం పోయి. జర పాణం సల్లవడ్తది."

ఆవిడ వద్దనలేకపోయింది. రెండు కాళ్లూ చాపి, వాటి మీద మనవరాలిని పడుకోబెట్టుకుని చెంబుతో పోసింది. ఎన్నాళ్లకో ఒళ్లంతా తడిసిన పసిది ఏడుపు మాని కాళ్లాడించింది. జారిన నీళ్లు అరుగు దిగీ దిగకముందే నేల తాగేసింది.

సక్కుబాయి పిల్లలు ముగ్గురూ వచ్చి చూస్తూ నిలబడ్డారు. పెద్దపిల్ల దోసిలి పట్టింది. "అవ్వా, జర నీళ్లు పోయవా?"

"తాగకూడదమ్మా," అంది సుబ్బలక్ష్మి. "కుంకుమ కలిసింది."

"ఎవ్వలు కలిపిన్రు?" అని అడిగింది ఆ పిల్ల.

సుబ్బలక్ష్మి చెంబులో మిగిలిన నీళ్లు మనవరాలి మీద పోసేసింది.