ఎడమ సీటు మాస్టారు

మానవ నాగరికత ఎంత దూరం నడిచివచ్చిందో తెలుసుకోదలచినవారు కోటలనూ గ్రంథాలయాలనూ దర్శించనక్కరలేదు. మలుపుకు ముందే వెలిగి, మలుపు తిరిగాక ఆరిపోయే పసుపుపచ్చని దీపాన్ని గమనిస్తే చాలు. ఈ సత్యాన్ని డ్రైవింగ్ మాస్టారు ఇరవయ్యారేళ్ళుగా ప్రతి ఉదయమూ బోధిస్తున్నారు. విన్నవారు లైసెన్సు చేతికి రాగానే మరచిపోతున్నారు. ఆయనకు కోపం రావడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు వచ్చేది నడుంనొప్పి ఒక్కటే.

ఆ ఇరవయ్యారేళ్ళూ ఆయన గడిపింది ఎడమ సీటులో. కుడివైపున శిష్యులు స్టీరింగుతో కుస్తీపడుతుంటే, తన కాళ్ళ దగ్గర ప్రత్యేకంగా అమర్చిన రెండో బ్రేకు మీద పాదం మోపి లోకరక్షణ చేస్తూ వచ్చారు. ఇంతలో ఏలినవారికొక ఆలోచన తట్టింది: యాభై అయిదు దాటిన శిక్షకులందరూ మళ్ళీ పరీక్షకు హాజరు కావాలి, తప్పినవారు నేర్పడం మానుకోవాలి. మాస్టారికి యాభై ఏడు. మరో విద్య రాదు.

ఆనాటి ఉదయం, డ్రైవింగ్ స్కూలు వ్యవహారాలు చూసే బావమరిది కారు అద్దం తుడుస్తూ హితబోధ చేశాడు.

"బావా, అలవాటుగా ఎడమ తలుపు దగ్గరికి పోకు. పరీక్ష నీకు, పక్కన కూర్చుని మార్కులేసే ఆఫీసరమ్మకి కాదు."

భార్య మాత్రం, ఇంట్లో ఇన్నేళ్ళుగా ప్రతి మాటకూ తనకు దారిచ్చిన మనిషికి రోడ్డు మీద భయమేమిటని ఓదార్చింది.

పరీక్ష కార్యాలయం ముందు మాస్టారు నేరుగా ఎడమ తలుపు దగ్గరికే వెళ్ళారు. అక్కడ ఆఫీసరమ్మ నిలబడి ఉంది. తొమ్మిదేళ్ళ క్రితం ఇదే కారులో, ఎదురుగా లారీ వస్తే స్టీరింగు వదిలి కళ్ళు మూసుకున్న శిష్యురాలు. ఆనాడు కారును ఆపింది మాస్టారి పాదమే. ఈరోజు ఆమెకు ఆయన పదకొండో అభ్యర్థి, కళ్ళు మూతలుపడుతున్నాయి. ఇద్దరూ ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకుని, ఎవరి వైపుకు వారు చేరారు.

కారు బయలుదేరింది. నాలుగు రోడ్ల కూడలిలో మాస్టారు ఆగి, స్కూలు వ్యానుకు దారిచ్చారు. చేతికర్రతో దాటుతున్న పెద్దాయనకిచ్చారు. పాలవాడికిచ్చారు. దాటాలో వద్దో తేల్చుకోలేక ఫోనులో ఎవరినో సలహా అడుగుతున్న ఒక పెద్దమనిషికి కూడా ఇచ్చారు. వెనుక వాహనాలు రణభేరులు మోగించాయి. మాస్టారు ఒక్కసారైనా హారను ముట్టలేదు. అరిచినవారికి అరుపుతో జవాబు చెప్పే ఓపిక ఆయనలో ఎప్పుడో ఇంకిపోయింది, దాన్నే శిష్యులు సహనమని చెప్పుకునేవారు.

"మాస్టారూ, మనక్కూడా వంతు వస్తుందంటారా?" అంది ఆఫీసరమ్మ, ఆవలింత ఆపుకుంటూ.

"వస్తుందమ్మా. తొందరున్నవాళ్ళని పోనీ."

వంతు వచ్చింది. సందు మలుపులో, తప్పుదారిన ఒక స్కూటరు పార్సిలు పెట్టెతో దూసుకువచ్చింది. మాస్టారు దాన్ని అందరికంటే ముందే చూశారు. కంగారుపడలేదు. ఇరవయ్యారేళ్ళ అనుభవం పలికించిన గంభీర స్వరంతో ఆజ్ఞ ఇచ్చారు.

"బ్రేకు. నెమ్మదిగా."

ఆజ్ఞ ఇచ్చి, డ్రైవరు దాన్ని పాటిస్తాడని ఎదురుచూశారు. డ్రైవరు తానేనన్న సంగతి ఆయనకు తోచలేదు. అయినా కారు నీటి మీద పడవలా ఆగింది. స్కూటరు పక్కనుంచి వెళ్ళిపోయింది. మాస్టారు తలదించి చూసుకున్నారు. తన కాలు కదలనే లేదు. ఎడమవైపు, రెండో బ్రేకు మీద, ఆఫీసరమ్మ చెప్పు ఉంది.

గురువు చెప్పాడు, శిష్యురాలు చేసింది. అధికారి బ్రేకు ముట్టిన మరుక్షణం అభ్యర్థి తప్పినట్టేనని నియమం.

"నేను నొక్కలేదు మాస్టారూ," అంది ఆమె, చెప్పు వెనక్కి తీసుకుంటూ.

"నేనూ నొక్కలేదమ్మా."

"అయితే ఎవరూ నొక్కలేదు. కారు మంచిది."

కార్యాలయం ముందు కారు ఆపి, ఆమె ఒడిలోని కాగితం మీద గళ్ళు నింపింది. దీపం, అద్దాలు, సహనం: అన్నిటికీ టిక్కులు. బ్రేకు దగ్గర కలం కొంచెం తడబడి, అక్కడా టిక్కు పెట్టింది. మాస్టారి భుజాల మీదినుంచి ఏళ్ళ బరువు దిగినట్టయింది. దిగుదామని, శిష్యులు కారు దిగేముందు చేసే పనిని తానూ చేయబోయి, నడుం పక్కన బెల్టు కొక్కెం కోసం తడిమారు.

చేతికి చొక్కా తప్ప ఏమీ తగలలేదు. ఎడమ సీటులో ఉన్నన్నాళ్ళూ, స్టీరింగు అందుకోవడానికి వంగాలి కాబట్టి, ఆయన తన బెల్టు ఏనాడూ పెట్టుకోలేదు; ఈరోజు కూడా ఆఫీసరమ్మ బెల్టు మాత్రమే సరిచూశారు.

ఆమె కాగితం వైపు చూసింది. ఖాళీగా మిగిలిన మొదటి గడి బెల్టుదే.